పూచీకి పూచీ

డికాషన్ చుక్కచుక్కగా దిగుతోంది. దిగనీ, నాకేం తొందర లేదు, తొందరంతా ఆ అద్దాల తలుపుల అవతలే ఉంది. ఈ ఐర్లండు దేశంలో వంటింటికీ ముందుగదికీ మధ్య గోడ కట్టినట్టే కట్టి దాన్ని అద్దం చేసేస్తారు, మనుషులు కనపడుతుంటారు, మాటలు వినపడుతుంటాయి, మనం మాత్రం లోపల ఉన్నట్టూ కాదు, బయట ఉన్నట్టూ కాదు. నా కొడుకు జానకిరామ్ సోఫా అంచున కూర్చున్నాడు, వెనక్కి ఆనుకోకుండా. వాడి పక్కన ఆశిష్, పెళ్లి కావలసిన కుర్రాడు, శాండీఫోర్డ్‌లో వాడి ఆఫీసులోనే పని. ఎదురుగా దత్తాత్రేయ, కరీంనగర్ ఆయన, నవ్వితే ఇల్లంతా నవ్వినట్టుండే మనిషి. కిటికీ దగ్గర కుర్చీలో శ్యామలాదేవి, వచ్చినప్పటినుంచీ కోటు కూడా విప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాయి, గోంగూర పచ్చడి బాగుందన్నారు, ఆ తరువాత నా కొడుకు గొంతు సవరించుకున్నాడు, అప్పటినుంచీ ఇదే మాట. అమ్మేద్దామా, ఉంచుదామా. నలుగురూ మిగుల్చుకున్నదంతా కలిపి ఒక కంపెనీ వాటాల్లో పెట్టారు, పెట్టమని చెప్పింది నా కొడుకు, కొన్నది వాడి పేరు మీద, ఇప్పుడా కంపెనీ మునుగుతోంది. మునిగితే మునగనీ, నా భయం అది కాదు. వాడు నోరు తెరిచి ఆ ఒక్క మాట అనేస్తాడేమోనని నా భయం. మీ డబ్బుకు నాది పూచీ అని. వాళ్ల నాన్న అన్నట్టు.

ఆ కంపెనీ పేరుకి నాకు నోరు తిరగదు. అది చేసే పనేమిట్రా అని పోయిన ఏడు అడిగాను, వాడు అన్నం తింటుంటే. చిన్నప్పుడు వాడు నాకు బస్సు బోర్డులు చదివి చెప్పేవాడు, అదే ఓపికతో చెప్పాడు. అమ్మా, ఒక ఊరివాళ్లు నీళ్ల పైపులు వేసుకోవాలి, బాండ్లు రాసిచ్చి జనం దగ్గర అప్పు తెచ్చుకుంటారు, రేపు వాళ్లు కట్టలేకపోతే ఆ అప్పు నేను కడతానని ఈ కంపెనీ పూచీ పడుతుంది, అందుకు కొంత పుచ్చుకుంటుంది, అంతే అన్నాడు. మీ నాన్న చేసిన పనేగా అన్నాను. పెరుగన్నంలో వాడి చెయ్యి ఆగిపోయింది. "నాన్న ఏమీ పుచ్చుకోలేదుగా. నాన్న దగ్గర లెక్కల్లేవు. వీళ్లకి ఎంతమంది ఎగ్గొడతారో ముందే తేల్చుకునే లెక్కలున్నాయమ్మా" అన్నాడు. అలా అంటున్నప్పుడు వాడి కళ్లు మెరిశాయి. పోయిన తండ్రిని ఇన్నాళ్లకు ఎవరో గెలిపించి ఇంటికి తీసుకొస్తున్నట్టు మెరిశాయి. నేనేమంటాను, మంచిదే నాయనా, ఇంకాస్త పెరుగు వెయ్యనా అన్నాను. ఆ కంపెనీ నీళ్ల పైపులతో ఆగినా బాగుండేది. అమెరికాలో ఇళ్ల అప్పులన్నీ మూటలు కట్టి ఒకళ్లకొకళ్లు అమ్ముకున్నారట, ఆ మూటలకు కూడా పూచీ పడిందట. ఇప్పుడు అక్కడ ఇళ్లవాళ్లు కట్టడం మానేశారు. ఎక్కడి అమెరికా, ఎక్కడి ఇళ్లు, ఇక్కడ ఈ నేస్ ఊళ్లో మా వంటింటి కిటికీలోంచి చూస్తే వెనక సగం కట్టి వదిలేసిన ఇళ్ల వరస, కిటికీలకు చెక్కలు కొట్టి, ముందు మట్టి కుప్పల మీద గడ్డి మొలిచి. నేను వచ్చిన కొత్తలో అక్కడ పొద్దస్తమానం మోతగా ఉండేది, పసుపుపచ్చ టోపీల వాళ్లు కేకలు పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు కాకులు తిరుగుతున్నాయి.

దత్తాత్రేయ గొంతు లేచింది. "అరే భయ్, ఇల్లు గాలుతుందంటే ఫైరింజన్ని పిలుస్తం. ఫైరింజనే గాలుతుంటే ఎవర్ని పిలుస్తవ్? చెప్పు." ఆశిష్ నవ్వలేదు. "అంకుల్, మీరు అలా పోలికలు చెప్తే ఎలా? వాళ్లు కట్టాల్సిందంతా రేపు పొద్దునే కట్టక్కర్లేదు. ముప్పై ఏళ్ల మీద కొంచెం కొంచెంగా కడతారు. అప్పటిదాకా ప్రీమియంలు వస్తూనే ఉంటాయి. భయపడి అమ్మినవాళ్లే నష్టపోతారు." "గా ప్రీమియంలు ఎవడిస్తడయ్యా? రేటింగు పోయిందంటే దాని పూచీ ఎవనిక్కావాలె? నోటికి విలువ లేనోడు నోరు తెరిస్తెంది, మూస్తెంది?" నోటికి విలువ. అవును. ఈయనకు ఆ సంగతి ఎవరు చెప్పారో, కరీంనగర్‌లో కూడా ఇవన్నీ ఉంటాయి గాబోలు, మనుషులున్న చోటల్లా ఉంటాయి.

మా ఆయన నోటికి విలువ ఉండేది. తిరుపతయ్య గారు అన్నాడా, అయితే ఇచ్చెయ్ అనేవాడు పేటలో పురుగుమందుల కొట్టు ఆయన. పత్తి వేసే రోజులు. విత్తనం అరువు, ఎరువు అరువు, పురుగుమందు డబ్బాలు అరువు, పత్తి అమ్మాక తీర్చుకోవడం. కొట్టు ఆయనకు ఊళ్లో అందరూ ఏం తెలుసు, ఒక్కడు తెలుసు, ఆ ఒక్కడు మా ఆయన. అందుకని చేతిలో తువ్వాలు నలుపుకుంటూ మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. అన్నా, నువ్వొక మాట చెబితే. ఈయన వెంటనే ఏమీ అనేవాడు కాదు. చేను ఎటుంది, నీళ్లెలా, పోయినేడు ఎంతైంది, ఇంట్లో ఎవరికైనా జబ్బా అని అన్నీ అడిగి, అప్పుడు లోపలికి తిరిగి మజ్జిగ తీసుకురా అనేవాడు. ఆయన అలా అన్నాడంటే సరేనన్నట్టే. మా ఇంట్లో అదో ఆనవాయితీ అయిపోయింది, పూచీ పడ్డాక ఇద్దరూ చెరో గ్లాసు మజ్జిగ తాగడం, తాగాక ఇంక మాట వెనక్కి తీసుకునేది లేదు. ఆ మజ్జిగ చిలికింది నేను, అల్లం తొక్కి వేసింది నేను, చెంగుతో గ్లాసులు తుడిచి ఇచ్చింది నేను. ఏడాదికి ఒకడో ఇద్దరో కట్టలేకపోయేవాళ్లు, ఈయన కట్టేవాడు, కోడెదూడను అమ్మో, గడ్డివాము అమ్మో. మరుసటేడు ఆ మనిషి తీర్చేవాడు, తీర్చకపోయినా పంచలో కూర్చుని తాడు పేనిపెట్టి వెళ్లేవాడు. అలా నడిచింది. పదేళ్లు నడిచిందంటే ఇక ఎప్పటికీ నడుస్తుందనిపిస్తుంది, ఆ కంపెనీ వాళ్లకూ అలాగే అనిపించి ఉంటుంది, పాపం వాళ్లను మాత్రం ఏమనగలం. ఆ ఏడు తెల్లదోమ వచ్చింది. ఒక్క చేనుకు కాదు. ఆకుల మీద బంక, బంక మీద మసి, చేలన్నీ ఎవరో నిప్పుపెట్టి ఆర్పినట్టు నల్లగా. ఒకడు పడిపోతే చెయ్యి ఇచ్చి లేపొచ్చు, ఊరికి ఊరు పడిపోతే ఎవరి చెయ్యి పట్టుకోవాలి. మందుల కొట్టు ఆయన వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు, కోపంగా కూడా లేడు, ఆయన పైన ఇంకెవరో ఉన్నారట, ఆ పైన ఇంకెవరో. ఆ రోజు కూడా ఆయనకు మజ్జిగ ఇచ్చాను. తాగలేదు. గ్లాసు అలాగే పెట్టి వెళ్లిపోయాడు.

"నానమ్మా, ఆర్ దే గివింగ్ ఔట్ టు డాడీ?" మనవరాలు సుధేష్ణ ఎప్పుడు దిగొచ్చిందో, సాక్సుల కాళ్లతో పిల్లిలా వస్తుంది. గివింగ్ ఔట్ అంటే ఇక్కడ తిట్టడం, బళ్లో టీచరు చేస్తుంటుంది ఆ పని, అందుకని నాకు కూడా వచ్చేసింది ఆ మాట. లేదమ్మా, మాట్లాడుకుంటున్నారు అన్నాను. నేను తెలుగులో చెబుతాను, అది ఇంగ్లీషులో అడుగుతుంది, మా ఇద్దరి మధ్యా అలాగే జరిగిపోతుంది. బిస్కెట్లు ప్రెస్సులో ఉన్నాయని వేలు చూపించింది, అలమారును ప్రెస్ అంటారు ఈ దేశంలో. రెండు తీసి ఇచ్చాను. అద్దంలోంచి వాళ్ల నాన్నను చూసింది కాసేపు. "హీ లుక్స్ సాడ్. ఈజ్ హీ గ్రాండ్?" గ్రాండే, బాగానే ఉన్నాడమ్మా అన్నాను. చూశావా, పిల్ల అడిగితే మనమెంత తేలిగ్గా పూచీ పడతామో. బాగానే ఉన్నాడని నాకెవరు చెప్పారు. అది నమ్మేసి మెట్లెక్కి వెళ్లిపోయింది, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి దుముకుతూ.

అక్కడ ఇప్పుడు కంపెనీని చీల్చే మాట నడుస్తోంది. రెండు ముక్కలు చేస్తారట. నీళ్ల పైపులకు, బళ్లకు, ఆసుపత్రులకు ఇచ్చిన పూచీలన్నీ ఒక వైపు, అది మంచి కంపెనీ. ఇళ్ల మూటలకు ఇచ్చినవన్నీ ఇంకో వైపు, అది చెడ్డది. "అలా చేస్తే కనీసం సగమైనా బతుకుతుంది కదా అంకుల్" అంటున్నాడు ఆశిష్. "మన వాటా ఏ సగంల ఉంటదో గది చెప్పు ముందుగాల" అంటున్నాడు దత్తాత్రేయ. "అయినా పూచీ తీసుకున్నప్పుడు ఒక్కటే కంపెనీ ఉండె. ఇప్పుడు చెడ్డ సగం మోసినోళ్లు కోర్టుకు పోరా?" మా ఇంట్లోనూ చీల్చారు. మా మరిది తెలివైనవాడు, దోమ వాలిన నెలలోనే వేరుపడతానన్నాడు, మెట్ట చేలు, పాత ఇల్లు తన వైపు రాయించుకున్నాడు, అన్న పడ్డ పూచీలు అన్నవే, నాకేం సంబంధం అన్నాడు. ఊరు ముక్కున వేలేసుకుంది గాని న్యాయం అతని వైపే ఉంది, అతనేమీ సంతకం పెట్టలేదుగా. కాలవ కింద మాగాణి మా వాటా, మా వాటా అంతా పూచీలకే పోయింది. ఇప్పుడు మరిది మనవళ్లు కార్లలో తిరుగుతారు, చల్లగా ఉండనీ. మరిది మంచి కంపెనీ. మేము చెడ్డ కంపెనీ. నాకు ఒక్కదానికే నవ్వొచ్చింది వంటింట్లో, గట్టిగా వచ్చింది కూడా, చెంగు అడ్డం పెట్టుకున్నాను.

ఊరు వదిలాక గుంటూరులో రెండు గదుల అద్దె ఇల్లు, ఆయనకు పత్తి మిల్లులో తూకాల దగ్గర పని. పని గురించి నాకు ఏనాడూ దిగుల్లేదు, కష్టపడితే తప్పేముంది, ఇప్పుడు శ్యామలాదేవి ఇక్కడ ఒంటరిగా పడటం లేదా. నా దిగులంతా ఆయన నోరు. ఆ తరువాత ఆయన ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఏ మాటా అంటే ఏ మాటా. వాన వస్తుందంటారా అంటే చూద్దాం అనేవాడు. ఫలానా సంబంధం మంచిదేనా అని చుట్టాలు అడిగితే నాకు తెలియదు అనేవాడు, తెలిసి కూడా. నా కొడుకు రామూకి టైఫాయిడ్ వచ్చింది ఆ ఏడే, వాడికి పదిహేనేళ్లుంటాయి, ఒళ్లు కాలిపోతుంటే నాన్న చెయ్యి పట్టుకుని, నాకు తగ్గుద్దా నాన్నా అన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అనవయ్యా, తగ్గుద్ది నాన్నా నేనున్నాగా అను, దానికి పైసా ఖర్చు లేదు అని నా లోపల నేను అరుస్తున్నాను. ఆయన చాలాసేపు వాడి నుదురు నిమిరాడు, నిమిరి, డాక్టరు గారు చూస్తాడులే అన్నాడు. పిల్లవాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నేళ్లలో నా కొడుకు ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకపోతే మరిచిపోయినట్టా. సుధేష్ణ పుట్టినప్పుడు బుడ్డదాన్ని చేతుల్లోకి తీసుకుని వాడన్న మొదటి మాట, ఫోనులో నేను విన్నాను, నేనున్నాను బంగారం, నాన్న ఉన్నాడు. అంటూనే ఉన్నాడు ఆ రోజునుంచీ. అందరితోనూ అంటాడు. కొత్తగా దిగిన పిల్లలకు అద్దె ఇల్లు దొరక్కపోతే నేను మాట్లాడతాలే అంటాడు, ఎవరి కారు చెడిపోయినా నేనొస్తున్నా ఉండు అంటాడు. తండ్రి దాచుకున్న మాటలన్నీ వీడు ఖర్చుపెడుతున్నట్టుగా. ఆయన పోయేముందు కూడా, నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, పెదాలు తడుపుకుని, ఊరుకున్నాడు. ఎందుకు పడ్డావయ్యా అన్ని పూచీలు అని ఆయన్ని జీవితమంతా అడిగాను నేను. అన్నం పెడుతూ అడిగాను, బట్టలు ఆరేస్తూ అడిగాను. ఒక్కసారీ చెప్పలేదు.

అద్దాల తలుపు తెరుచుకుని కోడలు రమ్యశ్రీ వచ్చింది, వెనకే మూసింది. "అత్తయ్యా, కాఫీ అయిందా?" ఇంకా దిగలేదమ్మా అన్నాను. డికాషన్ ఎప్పుడో దిగింది, ఫిల్టరు మీద మూత అలాగే ఉంచాను. నాకు తెలుసు పిచ్చితనమని. అవి మజ్జిగ గ్లాసులు కావు, ఇది మా అరుగు కాదు, నా చేత్తో ఇచ్చింది తాగితే మాట ముడిపడుతుందని ఈ ఐర్లండులో ఎవరనుకుంటారు. అయినా చెయ్యి కదల్లేదు. రమ్య సింకు పట్టుకుని నిలబడింది. దాని ఉద్యోగం ఈ నెలాఖరుకు ఉంటుందో లేదో తెలియదు, ఈ ఇల్లు కొన్న ధరకు ఇప్పుడు సగం కూడా రాదంటున్నారు, అయినా పొద్దున్నే లేచి అందరికీ వండింది. "అత్తయ్యా, నాకు భయంగా ఉంది. ఈయన ఏదో ఒకటి అనేస్తాడు. శ్యామల గారు అలా చూస్తుంటే ఊరుకోలేడు. మా ఇద్దరి జీతాలూ ఇంటి లోనుకే సరిపోవడం లేదు, ఇంకొకరి డబ్బు ఎక్కడినుంచి తెస్తాం? మీరొకసారి వచ్చి కూర్చోండి. మీ ముందు అనడు." నా భుజమ్మీద చెయ్యి వేసింది, పెళ్లయ్యాక అది నన్ను తాకి అడిగింది ఇదే మొదలు. వస్తున్నా పద అన్నాను. పైట సర్దుకున్నాను. నా జన్మలో ఒక్క మంచి పని ఇది, అన్నేళ్ల కిందట ఆయన పూచీ పడుతుంటే తలుపు చాటున నిలబడకుండా అరుగు మీదికి వచ్చి నిలబడి ఉంటే ఏమయ్యేదో, ఇవాళ వచ్చి నిలబడతాను అనుకున్నాను.

వెళ్లి రామూ పక్కన కూర్చున్నాను. ఆశిష్ జరిగి చోటిచ్చాడు. దత్తాత్రేయ, "రా అమ్మా, నువ్వన్న జెప్పు వీళ్లకు" అని నవ్వబోయి మానేశాడు. శ్యామలాదేవి మాట్లాడుతోంది. ఆ అమ్మాయి ఇక్కడ వృద్ధాశ్రమంలో పని చేస్తుంది, నా ఈడు వాళ్లకు స్నానాలు చేయిస్తుంది, చేతులు సబ్బు నీళ్లకు చిట్లిపోయి ఉంటాయి. మొగుడు లేడు. పిల్లలిద్దరూ ఒంగోలులో అక్క దగ్గర. బళ్లు తెరిచేలోపు వాళ్లను తెచ్చుకుందామని, అద్దె ఇంటికీ టిక్కెట్లకూ అని చేర్చినదంతా ఇందులోనే పెట్టింది, ఇంకాస్త పెరుగుతుందంటే.

"అన్నయ్య గారూ, ఈ రేటింగులూ అవీ నాకేం అర్థం కావు. అమ్మేద్దామన్నా నిజమే అనిపిస్తోంది, ఉంచుదామన్నా నిజమే అనిపిస్తోంది. ఇప్పుడమ్మితే వచ్చేదానితో పిల్లలు రాలేరు. ఉంచితే అదీ ఉండదేమో. వాళ్లు టిక్కెట్ కొన్నావా అని అడుగుతారని ఫోన్ చెయ్యడమే మానేశాను. మీరొక్క మాట అనండి. నా డబ్బు ఎక్కడికీ పోదని. మీరంటే చాలు, ఇవాళ ఇంటికెళ్లి ఫోన్ చేస్తాను."

రామూ నోరు తెరిచాడు. నేను వాడి మోకాలి మీద చెయ్యి వేశాను, గట్టిగా ఏమీ కాదు, ఊరికే. వాడు నన్ను చూశాడు. చూసి, నోరు మూసుకుని, నేల వైపు చూశాడు. వాళ్ల నాన్న తల వంచుకున్నట్టే వంచుకున్నాడు, మెడ దగ్గర అదే ఎముక. బతికాం అనుకున్నాను. బయట వాన మొదలైంది, ఈ దేశపు వాన, పడుతున్నట్టే ఉండదు, అన్నీ తడిసిపోతాయి. శ్యామలాదేవి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నెమ్మదిగా కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది, పైనుంచి కిందికి, పెట్టుకుంటూ పెట్టుకుంటూ ఒక గుండీ తప్పింది, అది తెలియక కింది వరకూ అలాగే పెట్టుకుపోయింది. పెట్టుకున్నాక తలెత్తి మా అందరి వైపూ ఒకసారి చూసింది, గోడ వైపు తిరగబోయే పిల్లవాడిలా.

"మేమున్నాం కదమ్మా. నీ డబ్బు ఎక్కడికీ పోదు."

ఎవరో అన్నారు. దత్తాత్రేయ నా వైపు తిరిగి చూసేదాకా ఆ గొంతు నాదని నాకు తెలియలేదు. వెనక్కి తీసుకుందామనుకున్నాను. నోరు తెరిస్తే అదే మాట మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకాస్త గట్టిగా, "ముందు పిల్లలకు ఫోన్ చెయ్యి తల్లీ, తక్కినవి మేం చూసుకుంటాం" అని కూడా కలుపుకుని. మా ఆయన్ని జీవితమంతా అడిగానే, ఎందుకు పడ్డావని. ఆయనకైనా తెలిస్తేగా చెప్పడానికి. "అమ్మా, గట్లెట్ల అంటవమ్మా? ఇంట్ల ఆలోచన చెయ్యాలె గదా" అన్నాడు దత్తాత్రేయ, మెల్లగా, నొప్పించకుండా. నా కొడుకు తలెత్తాడు. కోపం వస్తుందనుకున్నాను. వాడి భుజాలు దిగాయి, ముఖం తేటపడింది, పదిహేనేళ్ల పిల్లవాడికి జ్వరం విడిచినట్టు. "అవునండీ. అమ్మ అన్నదే నా మాట" అన్నాడు. శ్యామలాదేవి వచ్చి నా చేతులు రెండూ పట్టుకుని వాటి మీద ముఖం పెట్టుకుంది, అప్పుడు ఏడ్చింది. ఆ కన్నీళ్లు వేడిగా ఉన్నాయి. ఆ క్షణాన నాకెంత బాగుందో ఎవరికీ చెప్పలేను, అంత బాగుండటం చూసి భయం కూడా వేసింది.

అప్పుడు చూశాను అద్దాల తలుపుల వైపు. రమ్య అక్కడ నిలబడి ఉంది, లోపలికి రాకుండా, వంటింట్లోకి పోకుండా. నన్నే చూస్తోంది. తిట్టేలా లేదు, ఏడ్చేలా లేదు, లెక్కలు వేసుకుంటున్నట్టు కూడా లేదు. ఆ చూపు బయటినుంచి ఎలా ఉంటుందో నాకు ఇన్నేళ్లూ తెలియదు, నేను మా ఆయన్ని అలా చూసినదాన్నే గాని నన్నెవరూ అలా చూడలేదు. మా ఆయన అన్నేళ్లు దాని ముందు కూర్చుని అన్నం ఎలా తిన్నాడో. శ్యామలాదేవి చేతుల్లోంచి నా చేతులు తీసుకుని లేచాను. ఈలోపు కోడలు వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టింది, చప్పుడు కాకుండా, ఒక్కో మెట్టూ.

"రమ్యా" అన్నాను.

అది ఆగింది. నా వైపు తిరగలేదు గాని ఆగింది, నేనేదో చెబుతానని. కిందినుంచి దాన్ని చూస్తూ నిలబడ్డాను.